వేయించిన డబ్బు

నేను ఒకసారి డబ్బు వేయించాను. మాట వరసకు చెప్పడం లేదు. స్టవ్ మీద పెద్ద బాణలి పెట్టి, సన్న సెగన, అడుగంటకుండా అట్లకాడతో తిప్పుతూ, కమ్మని వాసన వచ్చేదాకా వేయించాను. అంతటితో ఊరుకున్నానా? నలిపి, పొట్టు తీసి, చెరిగి మరీ పెట్టాను. కువైట్‌లో ఇన్నేళ్లు ఉండి ఏం చేశావని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తుకొచ్చేది ఇదే.

గల్ఫుకు వంటపనికి పోయే ఆడపిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "ఏమన్నా జాగ్రత్తలు చెప్పు పెద్దమ్మా" అని అడుగుతారు. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు ఎక్కడ దాచుకోవాలి, ఏజెంటును ఎంతవరకు నమ్మాలి లాంటివి చెప్పేవాళ్లు వాళ్లకు చాలామంది ఉన్నారు. నేను ఈ సంగతి చెబుతాను. వాళ్లు నవ్వుకుంటూ పోతారు. ఇప్పుడు చేతికి అక్షరాలు వచ్చాయి కాబట్టి రాసిపెడుతున్నాను. అక్షరాలు నాకు యాభై దాటాక, పని మానుకుని వచ్చేశాక పట్టుబడ్డాయి. ఒత్తు వచ్చిన ప్రతిచోటా పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది. మీరు కూడా ఆగండి, ఇద్దరం కలిసే పోదాం.

ముందు నేను ఉన్న ఇంటి సంగతి చెప్పాలి. ఒక అన్న, ఇద్దరు చెల్లెళ్లు. అన్నను మేం పెద్ద బాబా అనేవాళ్లం. బంగారం అంగడి ఉండేది. ఇంట్లో పనిచేసే మా అందరి కఫీల్ ఆయనే, అంటే మా కాగితాలన్నీ ఆయన పేరు మీదే. పెద్ద చెల్లెలి ఇంట్లో నేను మొదట చాలా ఏళ్లు ఇల్లు తుడిచాను. ఆ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో వాళ్ల అమ్మ కూడా అప్పుడప్పుడు తప్పు చెప్పేది. తుడిచిన గది తుడిచినట్టు ఉండడం నేను ఆ ఇంట్లో చూడలేదు.

చిన్న చెల్లెలు భర్త నుంచి విడిపోయి అన్న ఇంటికి వచ్చేసింది. పెద్దింటి వెనక ఖాళీగా ఉన్న రెండు గదుల్లో చాక్లెట్ల వ్యాపారం పెట్టింది. ఫోన్‌లో ఫోటోలు పెడితే ఆర్డర్లు వచ్చేవి. పెళ్లిళ్లకు, పురుళ్లకు, పండగలకు పెట్టెలు పెట్టెలు పంపేవాళ్లం. మామా అని, అంటే వాళ్ల భాషలో అమ్మా అని, నేను పిలిచింది ఈమెనే. నన్ను అక్క ఇంటినుంచి అడిగి తెచ్చుకుంది. తెల్ల ఆప్రాన్ ఇచ్చింది, తల మీద టోపీ పెట్టింది. మొదటిరోజు స్నానాల గది అద్దంలో ఆ టోపీ చూసుకుని నేను ఎంతసేపు నిలబడ్డానో చెప్పను. శుక్రవారం సెలవుకు రిగ్గై పేటలో మా వైపు ఆడవాళ్లు ఉండే గదికి పోయినప్పుడు నేను ఇక చీపురు గురించి మాట్లాడేదాన్ని కాదు. "మా ఫ్యాక్టరీలో" అనేదాన్ని. ఫ్యాక్టరీ అంటే నేను, మామా, ఒక ఫ్రిజ్జు.

చాక్లెట్ గురించి నాకు తెలియనిది లేదని అప్పటికి నా నమ్మకం. అది ఇటుకల్లా అట్టపెట్టెల్లో వస్తుంది. కరిగించాలి, చల్లార్చాలి, అచ్చుల్లో పోయాలి, మధ్యలో ఖర్జూరమో బాదమో పెట్టాలి. అది ఇటుకగానే పుడుతుందని నేను అనుకున్నాను. అంతకుముందు ఏమిటని అడగాలని నాకు తోచలేదు.

ఆ చలికాలం మొదట్లోనే పెద్ద బాబా చెల్లెలితో గట్టిగా చెప్పేశాడు. ఈ చాక్లెట్ల ఆట ఇంక చాలు, గదులు ఖాళీ చేస్తే కొడుక్కి ఇస్తాను అన్నాడు. మామా బతిమాలింది. అబూ హలీఫా వైపు సముద్రం ఒడ్డున శుక్రవారాల్లో ఒక సంత జరిగేది. అందులో ఈసారి తాను ఒక బల్ల పెడుతున్నానని, వచ్చి చూడమని, బాగుంటే ఉంచమని, లేకపోతే ఖలాస్ అని ఒప్పించింది. ఖలాస్ అయితే మామాకు గదులు పోతాయి. నాకు టోపీ పోతుంది. మళ్లీ అక్క ఇల్లు, చీపురు, ఆ పిల్లలు.

మామాకు బడి రోజులనుంచి ఒక స్నేహితురాలు ఉంది. విశ్వవిద్యాలయంలో పాతకాలపు జనాల చరిత్ర చెబుతుంది. చదువుల డాక్టరు కాబట్టి అందరూ ఆమెను దక్తూరా అంటారు. ఇద్దరూ హాల్లో కూర్చుని ఆ బల్ల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను టీ ఇస్తూ విన్నాను. నాది వంటింటి అరబ్బీ. ఉప్పు, తేనె, పత్తి, రాయి అన్న మాటలు తెలిశాయి. మిగిలిన చరిత్రంతా నా చెవి పక్కనుంచి పోయింది. ఉప్పు, తేనె అన్నారు కదా, ఏదో కొత్త వంట అనుకున్నాను. పత్తి, రాయి ఎందుకన్న అనుమానం వచ్చింది కానీ, చదువుకున్నవాళ్లు ఏమైనా తింటారులే అని సరిపెట్టుకున్నాను.

సంతకు ముందురోజు పొద్దున డ్రైవరు ఒక బస్తా తెచ్చి వంటింట్లో దించాడు. రాయచోటి మనిషి, నన్ను అక్కా అనేవాడు. సులైబియా గిడ్డంగినుంచి తెచ్చానన్నాడు. వెంటనే మామాను తీసుకుని సంత స్థలానికి వెళ్లిపోయాడు. నాకు ఎవరూ ఏ పనీ చెప్పలేదు. చెప్పకపోతే ఊరికే కూర్చోవచ్చు కదా. కూర్చోలేదు. బస్తా విప్పాను.

లోపల గింజలు. బాదం కన్నా కొంచెం లావు, చిక్కుడు గింజ కన్నా పెద్దవి, మట్టి రంగు. గుప్పెడు తీసి వాసన చూస్తే ముక్కులోకి పులుపు కొట్టింది. సరుకు చెమ్మ తగిలి పులిసిపోయిందనుకున్నాను. ఆ అంగడివాడెవడో పాపం ఒంటరి ఆడమనిషని మామాకు పాడైన సరుకు అంటగట్టాడని కోపం కూడా వచ్చింది.

మాది శనక్కాయలు పండే నేల. మూటలో చెమ్మ వాసన వస్తే ఏం చేయాలో మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఎండలో ఆరబోసి, వేయించి, నలిపి, పొట్టు ఊది డబ్బాకు ఎత్తితే ఆ సరుకు బతుకుతుంది. చలికాలం ఎండ చాలదు కాబట్టి నేరుగా వేయించడానికే దిగాను. బాణలి పట్టినంత పోసి, దించి, మళ్లీ పోసి. కాసేపటికి గింజలు చిటపటమన్నాయి. ఆ వెంటనే లేచింది చూడండి వాసన! చాక్లెట్! నేను నమ్మలేకపోయాను. పాడైన గింజల్లోనుంచి నా చేతి మహిమ వల్ల చాక్లెట్ వాసన పుట్టిందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆ సంబరంలో ఒక్క గింజను వదలబుద్ధి కాలేదు. వేడి మీదే పాత దుప్పట్లో మూటగట్టి నలిపాను. చేట లేదు కాబట్టి పెద్ద తట్టలో పోసుకుని వెనక వాకిట్లో గాలికి నిలబడి చెరిగాను. పొట్టంతా ఎగిరి, అప్పుడే కడిగి పెట్టిన పక్కింటివాళ్ల తెల్ల కారు మీద పడింది. తట్టలో నల్లటి పలుకులు నిగనిగలాడుతూ మిగిలాయి. ఎంత ముచ్చటగా ఉన్నాయో.

మధ్యాహ్నం అన్నానికి డ్రైవరు ఒక్కడే వచ్చాడు.

"ఏం వాసనక్కా ఇది, గేటు కాడికి కొడతాండాది!"

"రా నాయనా, రెండు పలుకులు నోట్లో ఏసుకో. బస్తా పులిసి కంపు కొడతాంటే నేనే బాగు చేసి పెట్టినా. మీ మామాకు సరుకు కొనేది చేతకాదు."

వాడు తట్టను చూశాడు, మూలనున్న ఖాళీ బస్తాను చూశాడు.

"యా బస్తా అక్కా? పొద్దున నేను తెచ్చిందేనా?"

"ఇంగేది?"

"అంతా?"

"కడాకు గుప్పెడు మిగిలినాయి. సాయంత్రం అవీ కానిచ్చేస్తా."

"వద్దు, వద్దు! ముట్టుకోవాకు! అది డబ్బుక్కా!"

"పీనాసి మాటలు మాట్లాడతావేంది? పారబోసినానా? బాగు చేసినా."

"అట్ల కాదక్కా. అవి గింజలు కాదు, రూపాయలు." వాడు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "ఎనకటి కాలంలో మాయా అని ఒక జనం ఉండిరంట. సముద్రాలకు ఆ పక్క, అమెరికా నడీమధ్యలో. వాళ్లకు నాణేలు లేవంట. ఈ గింజలే చిల్లర. గింజలిచ్చి ఉప్పు కొంటారు, తేనె కొంటారు, గుడ్డ కొంటారు. రేపు సంతలో మామా అదే ఆట ఆడిస్తాది. వచ్చినోళ్లకందరికీ గింజలు సంచుల్లో పోసి ఇయ్యాల. దాంతోనే మన బల్ల మీద కొనాల. నిన్న కారులో దక్తూరమ్మ అంతా చెప్తాంటే విన్నా."

"గింజలు డబ్బేంది? ఎవరన్నా తీసుకుంటారా?"

"తీసుకునిందానికే కదా డబ్బయింది!"

"అయితే పొట్టు లేకుండా తీసుకోరా?"

"అంచు చింపిన నోటు నువ్వు తీసుకుంటావా?"

నేను తట్టలోకి చూశాను. ఒక రాజ్యానికి సరిపడా డబ్బు పలుకులు పలుకులుగా పడి ఉంది.

మామాకు ఫోన్ చేశాం. వాడు నా చేతికిచ్చాడు, నేను వాడి చేతికిచ్చాను, ఆఖరికి వాడే మాట్లాడాడు. మామా వచ్చింది. గుమ్మంలో ఆగి, "షినూ హాదా?" అంది. ఏమిటిది అని. నేను, "మామా, వాసన బాగా లేకపోతే..." అని మొదలుపెట్టి ఆపేశాను. ఆమె చెప్పులతోనే వచ్చి వంటింటి నేల మీద కూర్చుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది. ఇంకో బస్తా కోసం ఎవరెవరికో ఫోన్లు చేసింది. ఆ గింజలు వేరే దేశంనుంచి రావాలట, వారాలు పడుతుందట. దక్తూరా అయితే ఒక్కటే షరతు మీద ఒప్పుకుందట. అన్నీ అసలువి ఉండాలి, ప్లాస్టిక్ బొమ్మలు పెడితే నేను రాను అని.

"రేపు అన్న వస్తాడు" అంది మామా.

ఆ తర్వాత వచ్చిన ఆలోచన నాదని చెప్పుకోవాలని ఉంది. కాదు. దిగులు పుడితే నాకు ఆకలి వేస్తుంది. ఊరినుంచి పెట్టెలో తెచ్చుకున్న రాగిపిండి డబ్బా ఉండేది నాకు. పొద్దున వండుకున్న సంగటి ముద్ద గిన్నెలో ఉంటే, మామా ఉందన్న సిగ్గు కూడా లేకుండా ఒక మూల కూర్చుని చిన్న ఉండ చేసి నోట్లో పెట్టుకోబోయాను. మామా నా వేళ్ల వైపు చూసింది.

"ఆగు. అదేమిటి?"

"నా అన్నం, మామా."

"ఎందుకా రంగు?"

అంతే. చేయి చాపి ఆ ఉండ తీసుకుంది. వేళ్లతో నొక్కి, కోలగా చేసి, మిగిలిన అసలు గింజ పక్కన పెట్టింది. నేను తినబోయిన ముద్ద డబ్బు అయిపోయింది.

ఆ సాయంత్రం మేం ముగ్గురం నేల మీద కూర్చుని దొంగడబ్బు చేశాం. రాగిపిండి గట్టిగా కలిపి, దాంట్లో కోకో పొడి వేసి, ఒక్కొక్కటీ చేత్తో నొక్కి, సన్న సెగ ఓవెన్‌లో ఆరబెట్టాం. ముందు బాదం అచ్చులో పోసి చూశాం కానీ అన్నీ ఒకే తల్లి కడుపున ఒకేసారి పుట్టినట్టు వచ్చాయి. గింజల పైన అద్దడానికి పొట్టు కావాలని నన్ను పక్కింటి కారు దగ్గరికి పంపారు. చీపురు పట్టుకుని వాళ్ల కారు మీదనుంచి మా పొట్టు ఊడ్చుకొచ్చాను. చీపురు అంత తొందరగా మళ్లీ చేతికొస్తుందని అనుకోలేదు.

"నువ్వు చేసేటివి గొర్రెపెంటికల మాదిరి ఉండాయి" అన్నాను డ్రైవరుతో.

"నీవి మాత్రం? కడుపుతో ఉండే గింజల మాదిరి ఉబ్బినాయి." అని మామా వైపు తిరిగి అరబ్బీలో అడిగాడు. "మామా, దొంగడబ్బు చేస్తే జైలు కదా?"

"ఆ రాజులు పోయి చాలాకాలమైంది. యల్లా, చెయ్యి."

కొంతసేపయ్యాక ఆమెకు కూడా మాట వచ్చింది. వాళ్ల తాత పడవ మీద ఖర్జూరాలు వేసుకుని మన దేశం వైపు వెళ్లి, చెక్క, బియ్యం తెచ్చేవాడట. అప్పట్లో కువైట్ బజార్లో మన రూపాయే నడిచేదట. "మా నానమ్మ మీ రూపాయలతో బంగారం కొనుక్కుంది. ఇప్పుడు మీ పిండితో నేను డబ్బు చేస్తున్నాను" అని నవ్వింది. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

శుక్రవారం. సముద్రపు గాలి, పిల్లల అరుపులు, బొగ్గుల మీద కాలుతున్న మాంసం వాసన. మా బల్ల మీద ఉప్పు గడ్డలు, తేనె సీసాలు, పత్తి నూలు కండెలు, అద్దంలా మెరిసే నల్లరాయి ముక్కలు, ఆకుపచ్చ ఈకలు. ఒక పక్కన మా చాక్లెట్ పెట్టెలు. వచ్చినవాళ్లు అసలు డబ్బిచ్చి ఒక గుడ్డ సంచి కొనుక్కోవాలి. ఆ సంచులు అందించే పని నాది. సంచికి ఒకటో రెండో అసలు గింజలు పడేలా ఆ మిగిలిన గుప్పెడు కలిపాం. కొన్ని సంచులకు అదీ పడలేదు. పెద్ద బాబా వచ్చి ముందు వరసలో కుర్చీ వేయించుకున్నాడు. సంచి ఆయన చేతికిచ్చేటప్పుడు నేను ఆయన ముఖం చూడలేదు.

దక్తూరా మాట్లాడడం మొదలుపెట్టింది. డ్రైవరు నా పక్కన నిలబడి తెలుగు చేసి చెప్పాడు. ఆ జనానికి గుర్రాలు లేవు, గాడిదలు లేవు. బరువు లాగే బండి చక్రం కూడా లేదు. సముద్రపు ఒడ్డున ఉప్పు పండితే, అది లోపలి ఊళ్లకు మనుషుల వీపుల మీదే పోవాలి. మూటకు పట్టీ కట్టి, ఆ పట్టీ నొసటికి తగిలించుకుని, తల వంచి నడిచేవాళ్లు. ఒడ్డు వెంబడి అయితే పెద్ద మాను తొలిచిన పడవలు. కొండల్లోనుంచి నల్లరాయి వచ్చేది. దాని అంచు కత్తికన్నా పదును. పచ్చరాయి, ఈకలు దొరల ఇళ్లకు. ఉప్పు, మొక్కజొన్న, గుడ్డ అందరికీ. అడవిలో ఎంత పెద్ద ఊళ్లు, ఎంత ఎత్తు గుళ్లు కట్టినా, వాటి పొయ్యి మీదికి ఉప్పు మాత్రం ఎవడో ఒకడి నొసటి మీద వేలాడి రావలసిందే అంది.

"మనం ఏర్‌పోర్టులో పెట్టెలు మోసినట్టే" అన్నాడు డ్రైవరు.

"మనకు బండి ఉంటాది కదా."

"మన బండికి ఎప్పుడూ ఒక చక్రం తిరగదు కదక్కా."

నవ్వు ఆపుకుంటూ ఉంటే దక్తూరా తన సంచిలోనుంచి ఒక గింజ తీసింది. "చూడండి, దీన్ని ఇలా నొక్కితే పొట్టు చిట్లుతుంది" అంటూ వేళ్ల మధ్య నొక్కింది. చిట్లలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. తర్వాత పంటితో కొరికి, అక్కడే ఆగిపోయింది.

ఆమె మామా వైపు చూసింది. మామా నా వైపు చూసింది. నేను డ్రైవరు వైపు చూశాను. డ్రైవరు సముద్రం వైపు చూశాడు.

నేను తలమీద టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను. ఎలాగూ తీసుకుంటారు కదా, మనమే ఇచ్చేస్తే మర్యాదగా ఉంటుందని.

దక్తూరా నోట్లోది మింగింది. నీళ్లు తాగింది. "ఈ సంగతి చివర్లో చెబుదామనుకున్నాను, ఇప్పుడే చెబుతాను" అంది. "డబ్బు ఉన్నచోట దొంగడబ్బు కూడా ఉంటుంది. ఆ వైపు దేశాల్లోనూ గింజ పొట్టు చీల్చి, లోపలి పలుకు తీసేసుకుని, మట్టి కూరి అతికించి సంతలోకి తెచ్చేవాళ్లు. అందుకని అమ్మేవాడు ఒక్కో గింజను నొక్కి చూసుకోవాలి. మీ సంచుల్లో కూడా మంచివి ఉన్నాయి, దొంగవి ఉన్నాయి. చూసుకోండి."

ఆ తర్వాత అందరూ ఒక్కసారి సంచులు ఒళ్లో గుమ్మరించుకున్నారు. నొక్కేవాళ్లు, కొరికేవాళ్లు, వాసన చూసేవాళ్లు. "నాకు అన్నీ దొంగవే!" అని ఒకామె, "నాకు ఒకటి అసలుది!" అని ఇంకొకాయన. ఆ అసలుది ఇస్తే నా దొంగవి మూడు ఇస్తానని ఒకరు, ఐదని ఒకరు. మేం బల్ల వెనక నిలబడి చూస్తున్నాం. ఎవరికీ మాతో పనే లేదు. వాళ్లలో వాళ్లకే సంత మొదలైంది.

ఆ సందడిలో పెద్ద బాబా లేచాడు. జీవితమంతా బంగారం గీసి, గీటురాయి మీద రుద్ది, అసలూ నకిలీ తేల్చినవాడు. బల్ల చివర జాగా చేసుకుని కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, "ఇటు తీసుకురండి" అన్నాడు. ఒక్కో గింజ గోటితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది మంచిది, ఇది దొంగది అని తేల్చి చెప్పాడు. చెప్పినందుకు కూలీగా గింజలు తీసుకున్నాడు. జనం ఆయన ముందు వరస కట్టారు. ఆయన మా బల్ల మీద ఉప్పు గడ్డ ఎత్తి, "ఇది ఈ ధరకా? అన్యాయం" అని చెల్లెలితో బేరమాడాడు. ఆమె కూడా గొంతు పెంచి ఎదురు చెప్పింది. అన్నాచెల్లెళ్లు అంత సంతోషంగా పోట్లాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు. పొద్దుగూకేసరికి సంతలో ఉన్న అసలు గింజల్లో చాలావరకు ఆయన సంచిలోనే ఉన్నాయి. వాటితో మా దగ్గర మిగిలిన చాక్లెట్ పెట్టెలన్నీ కొనేశాడు.

అప్పుడు అడిగాడు. "ఈ దొంగవి ఎవరు చేశారు?"

నేను చేయెత్తాను. టోపీ ఆ చేతిలోనే ఉంది.

"లోపల ఏముంది?"

"మా ఊరి పిండి, బాబా. మేం తింటాం."

ఒకటి నోట్లో వేసుకుని నమిలాడు. చాలాసేపు నమిలాడు. "ఇది తింటారా?" అని నా వైపు జాలిగా చూశాడు. తర్వాత చెల్లెలితో, "వచ్చే చలికాలం దాకా గదులు ఉంచుకో. ఇలాంటి సంత మళ్లీ పెట్టు. కానీ ఈమెను బస్తాల దగ్గరికి రానివ్వకు" అన్నాడు. అలా నా ఉద్యోగం నిలబడింది. ఏదో నేర్పు వల్ల నిలబడిందనుకునేరు. ఆయనకు ఆ సాయంత్రం తన అంగడిలో కన్నా ఎక్కువ సరదాగా గడిచింది, అంతే.

దక్తూరా మాత్రం ఊరుకోలేదు. బల్ల సర్దుతుంటే మామాను పక్కకు పిలిచి గట్టిగా అడిగింది. అసలు సంగతి విని, నన్ను కూడా పిలిచింది. చీవాట్లు పెడుతుందనుకున్నాను. ఆ వేయించిన పలుకులు ఎక్కడున్నాయని అడిగింది. పారేయలేదని చెబితే, మరుసటి వారం ఇంటికి వచ్చి, వాటిని మిక్సీలో రుబ్బించి, మొక్కజొన్న పిండి, మిరపపొడి, నీళ్లు కలిపించి, పైనుంచి కింద గిన్నెలోకి పోయించి నురగ తెప్పించింది. మాయా వాళ్లు తాగేది ఇలాంటిదేనంది. చక్కెర లేదు. ఒక గుటక తాగితే చేదు, కారం కలిపి గొంతులోకి దిగాయి.

"నువ్వు చేసింది వాళ్లు చేసిందే. వాళ్లూ వేయించి, పొట్టు తీసి, నూరేవాళ్లు" అంది దక్తూరా. నా ముఖం వెలిగిపోయి ఉంటుంది. వెంటనే, "కాకపోతే సంతకు ముందురోజు ఇంట్లో ఉన్న డబ్బంతా ఎవరూ బాణలిలో పోయరు" అంది.

"అంటే, ఉన్నవాళ్లు డబ్బును తాగేసేవాళ్లా?" అని అడిగాను.

"అవును."

"మా వైపు లేనివాళ్లు కూడా తాగేస్తారు" అన్నాను. డ్రైవరు అరబ్బీ చేసి చెబితే ఆమె మొదటిసారి నా మాటకు నవ్వింది.

అప్పటినుంచి కొత్త సరుకు ఏది వచ్చినా మామా నా కళ్ల ముందే విప్పి, "ఇది తినేది. ఇది తిననిది" అని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పేది. ఉప్పు పాకెట్టుకు కూడా చెప్పేది. అలాగే నేను ఆ వంటింట్లో చేతులు వణికేదాకా పనిచేశాను. రిగ్గై గదిలో మాత్రం నా పేరు మారిపోయింది. నేను తలుపు తీయగానే, "డబ్బులు వేయించే ఆమె వచ్చింది, పర్సులు దాచుకోండి మే" అనేవాళ్లు. ఫ్యాక్టరీ అన్న మాట నేను మళ్లీ ఎత్తలేదు.

నొసటికి పట్టీ కట్టుకుని ఉప్పు మోసిన ఆ మనుషులు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తుకొస్తారు. వాళ్లలో కూడా ఒకడు, దారిలో మూట తడిస్తే బాగు చేస్తానని నిప్పు మీద పెట్టి, దొర డబ్బంతా వేయించేసి ఉంటాడని నాకు గట్టి నమ్మకం. చరిత్రలో రాయలేదంటే వాడి దక్తూరా మంచిదై ఉంటుంది.

ఇంటికి వచ్చేసే ముందు లెక్క తీర్చడానికి పెద్ద బాబా నన్ను అంగడికి పిలిపించాడు. రావలసిందంతా కవరులో పెట్టి ఇచ్చి, బల్ల సొరుగులోంచి ఇంకొకటి తీసి కవరు మీద పెట్టాడు. రాగిపిండి గింజ. ఇన్నేళ్లూ ఉంచుకున్నాడు. ఒక పక్క పురుగు తొలిచిన చిన్న బెజ్జం.

"చూసుకో, మంచిదేనా?" అన్నాడు.

నేను గోటితో నొక్కి, వాసన చూసి, "దొంగది బాబా" అన్నాను.

"నీకు తెలియక ఎవరికి తెలుస్తుంది!" అని కడుపు పట్టుకుని నవ్వాడు.

దాన్ని చేతిసంచిలో వేసుకుని విమానం ఎక్కాను. దిగాక కస్టమ్స్ అబ్బాయి సంచి విప్పించాడు. సబ్బులు, టీ పొడి అన్నీ పక్కకు నెట్టి, ఆ గింజను వేళ్లతో పట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? విత్తనమా? బయటి విత్తనాలు తేకూడదు."

"విత్తనం కాదు నాయనా, డబ్బు."

నా ముఖంలోకి ఒకసారి చూశాడు. గింజను గోటితో గట్టిగా నొక్కాడు. పురుగు తొలిచిన చోట అది టప్పున విరిగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"రాగిపిండి కదమ్మా ఇది!"

"అవును నాయనా. దొంగది."

రెండు ముక్కలూ నా అరచేతిలో పెట్టి, పొమ్మని చెయ్యి ఊపాడు. బండి తోసుకుంటూ బయటికి వచ్చాను, దాని ఒక చక్రం తిరగడం లేదు. ఒక్కటి తెచ్చుకుంటే చేతిలో రెండు ఉన్నాయి. ఎవరూ తీసుకోని నా డబ్బుకు, మన దేశంలో కాలు పెట్టగానే చిల్లర దొరికింది.